లాస్ వెగాస్‌లో ఇంటి లాన్ పీకేయాల్సిందేనా?
అక్కర్లేదు, ఈ నగరం ఉన్న అమెరికా రాష్ట్రం నెవాడా 2021లో చేసిన చట్టం విడి ఇళ్ల లాన్ల జోలికి పోదు. ఎవరూ కాలు పెట్టని అలంకార గడ్డికి కొలరాడో నది నీళ్లు పెట్టడాన్నే 2027 జనవరి 1 నుంచి ఆపేస్తుంది.

అక్కడ సింకులో, షవర్‌లో వాడిన నీరు శుద్ధయి దాదాపు అంతా లేక్ మీడ్‌కే (నగరానికి నీళ్లిచ్చే కొలరాడో నది జలాశయం) తిరిగి చేరుతుంది. గడ్డికి పోసింది మాత్రం ఎండకు ఆవిరైపోతుంది. చదరపు అడుగు గడ్డి ఏడాదికి సుమారు 73 గ్యాలన్లు తాగితే, డ్రిప్ పెట్టిన ఎడారి మొక్కలకు 18 చాలు.

ఉదాహరణకు రోడ్డు డివైడర్ మీద గడ్డి. దాన్ని తొక్కేది మిషన్‌తో కోసే మనిషి ఒక్కడే! అది పోతుంది, పిల్లలు ఆడుకునే పార్కు గడ్డి ఉంటుంది.

గడ్డి తీస్తే అంతా రాళ్లే అనుకోవడం పొరపాటు. చెట్లకు డ్రిప్‌తో నీళ్లు పెట్టొచ్చు.