పిల్లి మంచం మీద మూత్రం పోస్తోంది.. కక్షా, జబ్బా?

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. రెండు బెడ్‌రూముల ఫ్లాట్. మూడేళ్ల మగ పర్షియన్ పిల్లి ఉంది, పేరు బంటీ. ఏడాది లోపే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఇన్నాళ్లూ బుద్ధిగా లిట్టర్ ట్రేలోకే (పిల్లి మలమూత్రాల కోసం మట్టిలాంటి లిట్టర్ పోసి ఉంచే పెట్టెలోకే) వెళ్లేవాడు. రెండు నెలల కిందట మా అబ్బాయి ఇంకో పిల్లి కూనను తెచ్చాడు. అప్పట్నుంచి బంటీ మా మంచం మీద, బాత్రూమ్ ముందు వేసిన పట్టా మీద మూత్రం పోస్తున్నాడు. ఒక్కోసారి ట్రేలోకి వెళ్లి చాలాసేపు కూర్చుని ఊరికే లేచి వస్తాడు. మలం ట్రే పక్కన నేల మీద చేస్తున్నాడు. తిండి దగ్గరా పేచీయే. గిన్నె నిండా డ్రై ఫుడ్ ఉన్నా తెల్లవారుజామున నాలుగింటికి అరిచి లేపుతాడు. మా అత్తగారు పాలు, పెరుగన్నం పెడితే మాత్రం గబగబా తింటాడు. బరువు 5.6 కిలోలు. ట్రే యుటిలిటీ బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన ఉంది. మూత ఉన్న బాక్సు, లావెండర్ వాసన వచ్చే లిట్టర్. కూన మీద కక్షతో ఇలా చేస్తున్నాడని ఇంట్లో అంటున్నారు. వచ్చే నెల మా ఆడపడుచు పురిటికి వస్తోంది, ఈలోగా పిల్లుల్ని ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినదంతా చదివాక నా చూపు ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. ‘ట్రేలోకి వెళ్లి చాలాసేపు కూర్చుని ఊరికే లేచి వస్తాడు’ అన్నారు చూడండి, అక్కడ. ట్రే మార్చడం, తిండి మార్చడం తర్వాత చూద్దాం. ముందు బంటీని పశువైద్యుడికి చూపించండి. ఈ వారంలో ఎప్పుడో కాదు, రేపే.

మగ పిల్లికి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది, చివరికి వచ్చేసరికి ఇంకా సన్నబడుతుంది. మూత్రాశయం వాచినా, మూత్రంలో తయారైన సన్నటి ఇసుకలాంటి క్రిస్టల్స్ జిగురుతో కలిసి అడ్డం పడినా దారి మూసుకుపోతుంది. పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. మూత్రంలో బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుపోయి గుండె లయ తప్పుతుంది. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుంటారు. పిల్లి ట్రేలో ముక్కుతూ కనిపిస్తుంది కాబట్టి ఆముదం పట్టించి, రెండు రోజులు చూసి అప్పుడు తెస్తారు. అప్పటికి కిడ్నీలు దెబ్బతిని ఉంటాయి.

ప్రమాదం ఎప్పుడో మీరే గుర్తుపట్టవచ్చు. గంటలో నాలుగైదు సార్లు ట్రేలోకి వెళ్తున్నాడు, ఒకటి రెండు చుక్కలు తప్ప రావడం లేదు, అరుస్తున్నాడు, తోక కింద అదేపనిగా నాకుతున్నాడు, వాంతి చేసుకున్నాడు, మంచం కిందికి పోయి ముడుచుకున్నాడు - మూత్రం రాకపోతే అదొక్కటే చాలు, మిగతావాటిలో రెండు కనిపించినా సరే, అర్ధరాత్రయినా బయల్దేరండి. పొట్ట కింది భాగంలో మెల్లగా చేయి పెడితే బత్తాయి కాయలా గట్టిగా తగిలిందంటే మూత్రం నిండిపోయిందని అర్థం. నొక్కి చూడొద్దు, పగిలే ప్రమాదం ఉంది. నొప్పి తగ్గుతుందని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ అస్సలు వేయకండి. మనకు మామూలు మాత్రే కానీ, దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్రతో చనిపోవచ్చు.

డాక్టర్ దగ్గర మూత్ర పరీక్ష, పొట్ట స్కానింగ్ అడగండి. పర్షియన్ జాతిలో కిడ్నీల్లో నీటితిత్తులు వచ్చే వంశపారంపర్య జబ్బు ఎక్కువ, స్కాన్‌లో అదీ తేలిపోతుంది. ప్రైవేటు క్లినిక్ ఖర్చు భారమనిపిస్తే మీకు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది. ఇది చదివే ఆంధ్ర పాఠకులకైతే తిరుపతి, గన్నవరం కాలేజీలు ఉన్నాయి.

ఒక మాట. బంటీ వయసు పిల్లుల్లో పరీక్షలు చేస్తే ఎక్కువసార్లు రాళ్లూ కనపడవు, ఇన్ఫెక్షనూ కనపడదు. మూత్రాశయం లోపలి పొర మాత్రం వాచి ఉంటుంది. దానికి పెద్ద కారణం టెన్షన్. కొత్త పిల్లి రావడం, ఇల్లు మారడం, ఇంట్లో రిపేర్లు, చుట్టాల రాకపోకలు, ఏదైనా సరే. కాబట్టి మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చి వేస్తే ఉపయోగం ఉండదు. నొప్పి తగ్గే మందు డాక్టర్ ఇస్తారు, మిగతా వైద్యం మీ ఇంట్లోనే జరగాలి. ఇక్కడి నుంచి నేను చెప్పబోయేదంతా అదే.

కక్ష సంగతి. పిల్లికి కోపం వస్తుంది, భయం వేస్తుంది. కానీ ‘వీళ్లకు బుద్ధి చెప్పాలి, పరుపు పాడు చేస్తాను’ అని పథకం వేసేంత ఆలోచన దానికి లేదు. మూత్రం పోసినప్పుడు మంట పుట్టింది, ఆ మంట ట్రేలోనే పుట్టింది కాబట్టి ట్రే అంటేనే భయం పట్టుకుంది. మెత్తగా, పొడిగా, మనుషుల వాసన ఉన్న పరుపు మీద మంట ఉండదేమోనని అక్కడికి వస్తోంది. పరుపు దగ్గరికి ఈడ్చుకెళ్లి ముక్కు రుద్దడం, చీపురుతో కొట్టడం మన దగ్గర మామూలు. దాంతో మిమ్మల్ని చూసి కూడా భయపడటం మొదలుపెడుతుంది. తర్వాత సోఫా వెనకాల, బీరువా సందులో మొదలవుతుంది.

ఇప్పుడు ఆ ట్రేని బంటీ వైపు నుంచి చూడండి. అది బాల్కనీలో ఉంది, వెళ్లడానికి ఒకే తలుపు. లోపల ఉండగా వాషింగ్ మెషిన్ స్పిన్ మొదలైతే గుండె ఝల్లుమంటుంది. మూత ఉన్న బాక్సు కాబట్టి ఎవరొస్తున్నారో కనపడదు. బయటికి తల పెడితే కూన మీద పడటానికి కాచుకుని ఉంటుంది. దానికది ఆటే, బంటీకి మాత్రం ప్రాణసంకటం. దానికి తోడు లావెండర్. మన ముక్కుకే ఘాటుగా తగిలే ఆ వాసన మూత కింద చేరితే పిల్లికి ఎలా ఉంటుందో చెప్పాలా? సెంటు లిట్టర్లు మనుషుల కోసం తయారు చేసేవి. వాసన లేనిది, సన్నటి రేణువులది, తడిస్తే ఉండకట్టేది కొనండి. కచ్ ప్రాంతంలో తవ్వే బెంటోనైట్ మట్టితో చేసినవి మన పెట్ షాపుల్లో దొరుకుతాయి. ఒకేసారి మార్చకుండా పాత ట్రే పక్కనే కొత్త లిట్టర్‌తో ఇంకో ట్రే పెట్టండి, ఏది కావాలో వాడే తేలుస్తాడు. రెండు మూడు అంగుళాల మందం పోస్తే చాలు. కొందరు ఇంటి పనికి తెచ్చిన ఇసుక జల్లించి పోస్తారు. పిల్లులకు అది ఇష్టమే, కానీ ఉండకట్టదు, మూత్రం అడుగుకు దిగి కంపు కొడుతుంది. రోజూ మొత్తం పారబోయగలిగితేనే ఇసుక.

ట్రే సైజు విషయంలో పెట్ షాపులవాళ్లను నమ్మకండి. ముక్కు దగ్గర్నుంచి తోక మొదలు వరకు పిల్లి ఎంత పొడవుంటే దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. బంటీలాంటి వాడికి 65, 70 సెంటీమీటర్లు కావాలి. ప్లాస్టిక్ సామాన్ల షాపులో బట్టలు దాచుకునే పెద్ద టబ్బు కొని, ఒక వైపు అంచు కిందికి కోయించి, కోసిన చోట గీసుకోకుండా టేపు అంటించండి. అంతకన్నా మంచి ట్రే నేను చూడలేదు. ట్రే పక్కన నేల మీద మలం చేయడానికి చాలాసార్లు ఇదే కారణం: లోపల గుండ్రంగా తిరిగి, గోకి, కూర్చోవడానికి చోటు చాలదు. పర్షియన్ కాబట్టి వెనక కాళ్ల మధ్య బొచ్చు కూడా కత్తిరించి ఉంచండి. మలం అంటుకుంటే అదీ వాడికి చిరాకే.

ఎన్ని ట్రేలు? పిల్లుల సంఖ్యకు ఒకటి కలపాలన్నది పశువైద్యులు చెప్పే లెక్క. మీకు మూడు. ఫ్లాట్‌లో మూడా అంటారు, తెలుసు. కనీసం రెండు పెట్టండి, కానీ వేర్వేరు గదుల్లో. పక్కపక్కనే పెడితే పిల్లి దృష్టిలో అది ఒకటే ట్రే. ఒకటి మీ బెడ్‌రూమ్ మూలలో, ఇంకోటి హాల్లో సోఫా పక్కన పెట్టి, బాల్కనీది మెల్లగా తీసేయండి. ఎండాకాలం మన బాల్కనీల్లో మధ్యాహ్నం మనమే నిలబడలేం.

ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి ఉండలు తీసేయాలి. తీసేటప్పుడు వాటిని చూడండి కూడా. పెద్ద పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగు సార్లు మూత్రం పోస్తుంది. మంచి సైజు ఉండలు రెండు మూడు కనిపిస్తే నిశ్చింత. చిన్న చిన్నవి చాలా ఉంటే, లేదా అసలు లేకపోతే జబ్బు తిరగబెడుతోందని అర్థం. వారానికోసారి ట్రే ఖాళీ చేసి మామూలు సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టండి. ఫినాయిల్ వద్దు. నీళ్లలో తెల్లగా మారే ఆ ద్రావణాల్లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలు పిల్లులకు విషం. పాదాలకు అంటుకుంటే నాకి మింగుతాయి. పరుపుకీ ఫినాయిల్, బ్లీచింగ్ పనిచేయవు. మనకు వాసన పోయినట్టే ఉంటుంది, పిల్లికి పోదు, మళ్లీ అక్కడికే వస్తుంది. పెట్ షాపుల్లో మూత్రం వాసనను విరిచేసే ఎంజైమ్ క్లీనర్ అడిగి తెచ్చి, లోపలి దాకా తడిసేలా పోసి, దానంతట అది ఆరనివ్వండి. రెండు మూడు వారాలు మంచం మీద ప్లాస్టిక్ షీట్ పరచండి.

కూనను, బంటీని కొన్నాళ్లు విడదీయండి. కూనకు ఒక గది ఇచ్చి, దాని తిండి, నీళ్లు, ట్రే అక్కడే పెట్టండి. దాని పక్కబట్ట బంటీ దగ్గర, బంటీది దాని దగ్గర పెడితే ముందు వాసనతో పరిచయమవుతాయి. తర్వాత తలుపుకు అటొకటి ఇటొకటి కూర్చుని తింటాయి. ఆ తర్వాతే మీ ఎదురుగా కాసేపు కలపడం. వారం పట్టవచ్చు, రెండు నెలలూ పట్టవచ్చు. కూనకు ఆరో నెల రాగానే ఆపరేషన్ చేయించండి. ఆపరేషన్ కాని మగపిల్లి గోడకు వీపు తిప్పి, నిలబడి, తోక వణికిస్తూ మూత్రం చిమ్ముతుంది. అది ట్రే సమస్య కాదు, హద్దులు గీసుకోవడం. ఆపరేషన్‌తో పదింట తొమ్మిదింటికి తగ్గిపోతుంది.

తిండి సంగతికి వస్తే, బంటీ ఒళ్లు పెరగడానికి ఆ గిన్నెడు డ్రై ఫుడ్డే కారణం అయి ఉండవచ్చు, టెన్షన్‌కు తోడు మూత్రం జబ్బుకూ అది సాయం చేసి ఉంటుంది. డ్రై ఫుడ్‌లో నీరు పదో వంతే ఉంటుంది. పౌచ్‌లలో దొరికే తడి ఆహారంలో నాలుగింట మూడొంతుల పైనే నీరు. పిల్లి సహజంగా నీళ్లు తక్కువ తాగే జంతువు, తిండిలో రాకపోతే మూత్రం చిక్కబడుతుంది. డాక్టర్ వద్దనకపోతే సగం తిండి తడిదానికి మార్చండి, అందులోనూ రెండు చెంచాల నీళ్లు కలపండి. వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి, లేకపోతే విరేచనాలు పడతాయి. నీళ్ల గిన్నె తిండి పక్కన పెట్టకండి. మీసాలు తగలని వెడల్పు గిన్నెలు రెండు మూడు చోట్ల ఉంచండి.

ఇంట్లో ఉండే బంటీలాంటి పిల్లికి రోజుకు 200, 230 కేలరీలు చాలు. డ్రై ఫుడ్ అయితే 55, 60 గ్రాములు మాత్రమే, వంటింటి కాటా మీద తూచి చూడండి, గుప్పెడు ఎంత మోసమో తెలుస్తుంది. 85 గ్రాముల పౌచ్ ఒకటి ఇస్తే డ్రై ఫుడ్ 20 గ్రాములు తగ్గించండి. వారానికి 50 గ్రాముల బరువు తగ్గితే మంచి వేగం. మాడ్చి తగ్గించొద్దు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి కామెర్లు వస్తాయి. ఒక రోజంతా ముట్టకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

నాలుగింటి అరుపు ఆకలి కాదు, మీరిచ్చిన అలవాటు. అరిచినప్పుడల్లా ఎవరో ఒకరు లేచారు కదా! తిండిని నాలుగు పూటలుగా చేసి, రాత్రి పదిన్నరకు పావుగంట తాడుతో పరిగెత్తించి ఆడించి, చివరి పూట అప్పుడు పెట్టండి. ఆ తర్వాత ఎంత అరిచినా లేవకండి. మొదటి వారం ఇంకా ఎక్కువ అరుస్తాడు, ఓర్చుకోవాలి. మధ్యలో ఒక్కరోజు లేచినా మొదటికొస్తుంది.

అత్తగారి పెరుగన్నం ఒక చెంచా పెడితే పెద్ద కీడేం లేదు, కానీ దానితో కడుపు నింపితే లోటు పడుతుంది. పిల్లి కచ్చితంగా మాంసాహారి. టారిన్ అనే పోషకం జంతు మాంసంలోనే దొరుకుతుంది. అది చాలకపోతే పిల్లుల గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో తేలింది, కంటి చూపూ పోతుంది. పాలు ఎక్కువ పిల్లులకు పడవు, విరేచనాలు అవుతాయి. పెద్దావిడ తృప్తి కోసం ఏదైనా పెట్టాలంటే ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు రెండు, ఆ ఉడికించిన నీళ్లు కొంచెం పెట్టమనండి. కూరలోంచి తీసి కడిగినవి మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల ఎర్ర రక్తకణాలను చంపేస్తాయి, మన అల్లం వెల్లుల్లి ముద్దలో ఉన్నది అదే. పచ్చి చేపలూ వద్దు.

ఇక మీ ఆడపడుచు. గర్భిణికి సోకితే కడుపులో బిడ్డకు హాని చేసే టోక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి డాక్టర్లు భయపెట్టి ఉంటారు, భయం ఉత్తదేం కాదు. అయితే పిల్లి మలంలో వచ్చే ఆ పరాన్నజీవి గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. రెండు పూటలా ట్రే శుభ్రం చేస్తుంటే అవి పక్వానికి వచ్చే లోపే బయటికి పోతాయి. ఆ పని ఆమె తప్ప ఇంకెవరైనా చేయాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పచ్చి మాంసం తినకుండా ఇంట్లోనే ఉండే పిల్లికి అది సోకే అవకాశం తక్కువ. ఆమెకు సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలతో వచ్చే ప్రమాదమే ఎక్కువ. ప్రసవానికి ముందు ఆమె చూపించుకునే డాక్టర్‌ను అడిగితే రక్తపరీక్ష అవసరమో కాదో చెబుతారు. బిడ్డ పుట్టాక ఉయ్యాల ఉన్న గదిలోకి, ఎవరూ లేనప్పుడు, రెండు పిల్లుల్నీ వెళ్లనివ్వకండి. ఆ గది తలుపు ఇప్పట్నుంచే మూసి ఉంచడం మొదలుపెట్టండి. బిడ్డ వచ్చాక హఠాత్తుగా మూస్తే బంటీకి అదో కొత్త టెన్షన్.