ఆక్టేవియా హెడ్డు దించబోయే అల్లుడికి

అల్లుడూ,

నీ 2004 ఆక్టేవియా 1.9 టీడీఐ నీళ్ళు తాగుతోందనీ, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్డుకీ, కింది బ్లాకుకీ మధ్య ఉండే పొర) పోయిందని మెకానిక్ తేల్చేశాడనీ, ఇంటి పోర్టికోలోనే మార్చుకుంటాననీ రాశావు. మార్చుకోవచ్చు. చేయి తిరిగినవాడికి ఒక రోజు పని. నువ్వు మాత్రం రెండు రోజులు పెట్టుకో, ఇంకో మనిషిని తోడు పెట్టుకో. టర్బోతో సహా ఉన్న హెడ్డును ఒక్కడివే ఎత్తబోతే నడుము పడుతుంది, లేదంటే హెడ్డు పడుతుంది.

ముందు అది నిజంగా గ్యాస్కెట్టేనా చూడు. పొద్దున్నే, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ట్యాంకు మూత ఒకసారి తీసి మళ్ళీ బిగించు. స్టార్ట్ చేసి ఒకటి రెండు నిమిషాలయ్యాక రేడియేటర్ పై హోసు నొక్కు. ఇంజిన్ ఇంకా వేడెక్కకముందే హోసు కర్రలా బిగుసుకుంటే సిలిండర్ గ్యాసు నీళ్ళలోకి వస్తున్నట్టే. తెల్ల పొగ ఒక్కటే చూసి హెడ్డు దించకు. కళ్ళు మండించే పచ్చి డీజిల్ వాసన ఉంటే అది నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) లోపమో, డీజిల్ పంపు టైమింగ్ లోపమో. తియ్యటి వాసన వస్తేనే కూలెంట్. ట్యాంకులో నల్లటి నూనె జిడ్డు తేలుతుంటే ముందు ఆయిల్ ఫిల్టర్ దగ్గరి ఆయిల్ కూలర్‌ని అనుమానించు. దానికి లోపల చిల్లు పడ్డా అచ్చం ఇలాగే కనిపిస్తుంది, అది మార్చడం దీనితో పోలిస్తే చిన్న పని. సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ దొరికితే ఇంకా మంచిది. ఈ ఇంజిన్‌కి కొత్తలో 25 నుంచి 31 బార్ ఉంటుంది, 19 కంటే దిగకూడదు, సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా 5 బార్ దాటకూడదు. పక్కపక్కన ఉన్న రెండూ కలిసి పడిపోతే ఆ రెంటి మధ్యే గ్యాస్కెట్ కాలింది.

ఇక అది ఎందుకు పోయింది? ఇనప బ్లాకు మీద అల్యూమినియం హెడ్డు కూర్చుంది. వేడికి అల్యూమినియం ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ. మామూలు వేడిలో ఆ తేడాని గ్యాస్కెట్ ఓర్చుకుంటుంది. బండి ఒక్కసారి బాగా మరిగిందంటే ఓర్చుకోలేదు. మరగడానికి కారణం పట్టుకోకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే ఈ ఎండల్లో అదీ పోతుంది. ఈ ఇంజిన్‌లో మొదట చూడాల్సింది వాటర్ పంపు. పాత పంపుల్లో లోపలి రెక్క ప్లాస్టిక్‌ది. అది పగిలో, షాఫ్ట్ మీద జారో తిరగడం మానేస్తుంది, బయటికి మాత్రం పంపు బాగున్నట్టే ఉంటుంది. ముల్లు ఎర్రలోకి పోతున్నా హీటర్‌లో వేడి గాలి రాకపోవడం దాని గుర్తు. తర్వాత థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాన్లు, చివరికి నీళ్ళు. బోరు నీళ్ళు పోసిన బండి అయితే లోపల ఉప్పు పేరుకుని ఉంటుంది.

సామాన్లన్నీ తెచ్చుకున్నాకే పానా పట్టు. హెడ్ గ్యాస్కెట్, పది కొత్త హెడ్ బోల్టులు, టైమింగ్ బెల్ట్ కిట్టు, ఇనప రెక్క ఉన్న వాటర్ పంపు, థర్మోస్టాట్, రెండు మానిఫోల్డ్‌ల (గాలి లోపలికీ, పొగ బయటికీ పోయే గొట్టాల) గ్యాస్కెట్లు, నాజిళ్ళ కింద వేసే రాగి వాషర్లు నాలుగు, ఇంజిన్ మౌంట్ బోల్టులు, ఆయిల్ నాలుగున్నర లీటర్లు, ఫిల్టర్, జీ12 కూలెంట్, డిస్టిల్డ్ వాటర్. పాత బోల్టులే వాడేద్దామని ఎవరన్నా అంటే వినకు. అవి ఒక్కసారి సాగేలా చేసినవి. ఈ సామాను విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో వెతకొచ్చు. కానీ గ్యాస్కెట్ కొనేముందు ఒక సంగతి చూసుకో. ఇది మూడు మందాల్లో వస్తుంది. మందాన్ని బట్టి దాని అంచు మీద ఒకటో, రెండో, మూడో బెజ్జాలుంటాయి. పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తుందన్నదే లెక్క. 0.91 నుంచి 1.00 మిల్లీమీటరు అయితే ఒక బెజ్జం, 1.10 వరకు రెండు, 1.20 వరకు మూడు. నీ బండిలో పిస్టన్లు మార్చడం లేదు కనుక కొలతలక్కర్లేదు, పాతదానికి ఎన్నుంటే కొత్తదానికీ అన్నే. హెడ్డు దించకుండానే, గ్యాస్కెట్ అంచు తుడిచి టార్చి వేస్తే కనబడతాయి.

దించడం పెద్ద కష్టమేం కాదు, ఓపిక పని. కూలెంట్, ఆయిల్ దించు, బ్యాటరీ విప్పు, ప్రతి పైపుకీ వైరుకీ టేపు అంటించి పేరు రాసి ఫోటో తీసుకో. బెల్టు వైపు ఇంజిన్ మౌంట్ తీయాలి కనుక సంప్ (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) కింద చెక్క పెట్టి జాకీతో ఆనించు. బెల్టు విప్పకముందే ఇంజిన్‌ని ఒకటో సిలిండర్ పిస్టన్ పైకొచ్చే గుర్తుకి తెచ్చి, క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) వెనక గాడిలో లాకు పట్టీ, డీజిల్ పంపు పుల్లీలో పిన్ను పెట్టాలి. ఈ రెండు లాకులూ లేకుండా, పెయింట్ గుర్తులతో పని కానిచ్చేద్దామనుకోకు. బెల్టు తీశాక క్రాంక్‌ని (పిస్టన్లకి తగిలించిన అడుగు షాఫ్టుని) పావు చుట్టు వెనక్కి తిప్పు. నాలుగు పిస్టన్లూ మధ్యకి దిగుతాయి, హెడ్డు ఎక్కించేటప్పుడు వాల్వులు వాటికి తగలవు. నాజిళ్ళ పైపులు తీయగానే రెండు కొసలకీ మూతలు పెట్టు, అందులో ఇసుక రేణువు పోయినా డీజిల్ పంపు ఖర్చు. మూడో సిలిండర్ నాజిల్‌కి వైరు ఉంటుంది, దాన్ని లాగి తెంపకు.

హెడ్ బోల్టులకి పన్నెండు పళ్ళ స్ప్లైన్ బిట్టే పెట్టాలి. బోల్టు తలలోని మురికి సూదితో గీకి, బిట్టు అడుగు దాకా దిగిందని చూసుకుని, అప్పుడు బలం పెట్టు. చివరల నుంచి మధ్యకి వస్తూ కొంచెం కొంచెంగా వదులు చెయ్యి. హెడ్డు దించాక దాన్ని నేల మీద బోర్లా పెట్టకు. నాజిళ్ళ మొనలు, గ్లో ప్లగ్గుల కొసలు అడుగు నుంచి బయటికి పొడుచుకుని ఉంటాయి, హెడ్డు బరువుకి వంగుతాయి. ఇటో చెక్క అటో చెక్క పెట్టి దాని మీద ఉంచు.

ఇప్పుడు స్టీల్ స్కేలు అంచు నిలబెట్టి హెడ్డు పొడవునా, అడ్డంగా, రెండు ఐమూలలా ఫీలర్ గేజ్‌తో (సన్న కొలత రేకులతో) చూడు. 0.10 మిల్లీమీటరు రేకు ఎక్కడైనా దూరిందంటే ఆ హెడ్డు పనికిరాదు. లేత్ షాపువాడు “కొంచెం ఫేసింగ్ కొట్టేస్తా అన్నా” అంటాడు. అంటే హెడ్డు అడుగు ముఖం చెక్కి సమం చేయడం. పెట్రోల్ ఇంజిన్లకి అలవాటైన మాట అది. దీనికి కొట్టకూడదు. గాలిని 19.5 రెట్లు కుదించే ఇంజిన్, పిస్టన్ బ్లాకు దాటి మిల్లీమీటరు పైకొస్తుంది. హెడ్డు పలచనయితే వాల్వు పిస్టన్‌కి కొట్టుకుంటుంది. ప్రెషర్ టెస్ట్ మాత్రం చేయించు. రెండు వాల్వు సీట్ల మధ్య సన్న చీలిక కనిపిస్తే కంగారు పడకు, అర మిల్లీమీటరు లోపు వెడల్పుంటే కంపెనీయే వాడుకోవచ్చంటుంది.

బ్లాకు పైభాగం శుభ్రం చేయడానికి ప్లాస్టిక్ గీకుడు పలక, గ్యాస్కెట్ రిమూవర్, బోలెడంత ఓపిక చాలు. గ్రైండర్‌కి తగిలించే రాపిడి బిళ్ళ మాత్రం వద్దు. నిమిషంలో మెరిసిపోతుంది కానీ దాని పొడి ఆయిల్ దారుల్లో దిగి బేరింగులు తినేస్తుంది.

బోల్టు బెజ్జాల దగ్గర ఎంత సేపయినా పెట్టు, పని మొత్తంలో ఇదే గట్టి చోటు. హెడ్డు ఎత్తేటప్పుడు నీళ్ళూ ఆయిలూ ఆ పది బెజ్జాల్లోకీ దిగుతాయి. వాటికి అడుగున దారి లేదు. అలాగే బోల్టు దించితే కింద చిక్కుకున్న నీరు నలగదు, పక్కకి పోదు. టార్క్ రెంచి (పెట్టిన బిగువు రాగానే టక్కుమనే పానా) మాత్రం టక్కుమంటుంది, బిగిసిందనుకుంటావు. నిజానికి బోల్టు నీటిని నొక్కుతోంది, హెడ్డుని కాదు. ఇంకాస్త గట్టిగా తిప్పితే బ్లాకే పగులుతుంది. అందుకని సిరంజికి సన్న గొట్టం తగిలించి లాగు, గుడ్డ చుట్టిన పుల్లతో తుడువు, గాలి కొట్టు. గాలి కొట్టేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకో. ఆఖరికి ఒక పొడి పుల్ల అడుగు దాకా దించి తీస్తే తడి లేకుండా రావాలి.

గ్యాస్కెట్‌ని అప్పుడే కవర్లోంచి తీసి, పార్ట్ నంబరు పైకి కనిపించేలా పొడిగా పరువు. గమ్ము, గ్రీజు ఏమీ వద్దు. హెడ్డు నేరుగా దించాలి, ఒక మూల తగిలించి జరపకూడదు. కొత్త బోల్టుల మరలకి చుక్క ఆయిల్ రాసి చేత్తో బిగించు. తర్వాత మధ్య నుంచి చివరలకి ఎదురెదురుగా పోతూ పదింటినీ 40 న్యూటన్ మీటర్లకి, మళ్ళీ అదే వరసలో 60కి బిగించు. అక్కడితో టార్క్ రెంచి పక్కన పెట్టి పొడవాటి పిడి తీసుకో. ప్రతి బోల్టు తల మీద తెల్ల పెయింట్‌తో ముందుకి చూసే గీత గీయి. వరసగా ఒక్కోదాన్నీ సరిగ్గా పావు చుట్టు, అన్నీ అయ్యాక ఇంకో పావు చుట్టు. రెండో పావులో బోల్టు తెగుతుందేమో అన్నంత బరువుగా, కిర్రుమంటూ తిరుగుతుంది. భయపడి మధ్యలో ఆపకు. అయ్యేసరికి తెల్లగీతలన్నీ వెనక్కి చూస్తుండాలి. ఏదైనా బోల్టు బరువెక్కకుండా తేలిగ్గా తిరిగిపోతే దాని మర ఊడిందన్నమాట, అక్కడే ఆగిపో.

క్రాంక్‌ని ముందుకి తిప్పి గుర్తుకి తెచ్చి, రెండు లాకులూ ఉండగా క్యామ్ పుల్లీని దాని షాఫ్ట్ మీద వదులుగా ఉంచి బెల్టు ఎక్కించు. టెన్షనర్ గుర్తులు కలిశాక దాని నట్టు 20 న్యూటన్ మీటర్లకి, క్యామ్ పుల్లీ బోల్టు 45కి బిగించి లాకులు తీసెయ్. చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పు. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయకు, టైమింగ్ తప్పింది. నాజిళ్ళ బిగింపు క్లాంపులకి 20, పైపుల నట్లకి 25. వాల్వులు విప్పించి ఉంటే ట్యాపెట్లు (క్యామ్‌కీ వాల్వుకీ మధ్య ఉండేవి) దిగడానికి అరగంట ఆగి కానీ తిప్పకు.

కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోయ్. డీజిల్ ఫిల్టర్ నిండా నింపు. డీజిల్ పంపు మీదుండే కటాఫ్ వైరు (డీజిల్ ఆపే మీటది) తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా పది సెకన్లకి మించకుండా స్టార్టర్ కొట్టు, టర్బోకి ముందే ఆయిల్ అందుతుంది. తర్వాత వైరు పెట్టి స్టార్ట్ చెయ్యి. పట్టకపోతే నాజిళ్ళ దగ్గర నట్లు కాస్త వదిలి గాలి తీయి. ఆ డీజిల్ చిమ్మే చోట చేయి అడ్డం పెట్టకు, చర్మంలోకి దూసుకుపోతుంది. హీటర్ ఫుల్లుగా పెట్టి ఫ్యాన్లు ఒకసారి తిరిగి ఆగేదాకా కదలకుండా చూడు. చల్లారాక కూలెంట్ తగ్గినంత పోయ్. డీజిల్ పంపు టైమింగ్ స్కానర్‌తో చూపించుకో. పాత ఆయిల్ పాలలా ఉండి ఉంటే కొత్తది కూడా 500 కిలోమీటర్లకే మార్చెయ్. హెడ్ బోల్టుల్ని మాత్రం మళ్ళీ ముట్టుకోకు, ఇవి రెండోసారి బిగించేవి కావు.

బజారుకి బయల్దేరే ముందు ఆ గ్యాస్కెట్ అంచు మీద బెజ్జాలెన్నో ఫోటో తీసి పంపు.

మీ మామయ్య