ఆ గేటు దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

స్పెయిన్ దక్షిణపు కొసన, బ్రిటన్ ఏలుబడిలో ఉన్న జిబ్రాల్టర్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. స్పెయిన్ సెలవుల్లో ఒక్క పూట అటు వెళ్లొచ్చి పన్నెండు పేజీలు రాశావు. ఓపికకు మెచ్చుకోవాలి. కానీ అందులో మూడు పేజీలు కోతులే! ఐరోపాలో స్వేచ్ఛగా తిరిగే కోతులు అక్కడే ఉన్నాయని వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ రాస్తారు. నీ సంచిలోంచి చిప్స్ పొట్లం లాక్కుపోయిన ముక్క మాత్రం ఉంచు, నవ్వొచ్చింది. 1704లో ఇంగ్లీషు, డచ్చి సేనలు పట్టుకోవడం, స్పెయిన్ దాన్ని బ్రిటన్‌కు వదులుకున్న 1713 యుట్రెక్ట్ ఒప్పందం, 1779లో మొదలైన స్పెయిన్ ముట్టడి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పావు. అవి ఎవరైనా వెతుక్కుంటే దొరికేవే.

ఇక నాకు కోపం వచ్చిన వాక్యం: "రన్‌వే దాటి ఊళ్లోకి వెళ్లాం." అంతేనా? విమానాలు దిగే దారిని కాలినడకన దాటడం ఎంతమందికి దక్కుతుంది? ఉన్నదే ఏడు చదరపు కిలోమీటర్లలోపు నేల, అందులో చాలాభాగం కొండ. చోటు చాలక రోడ్డు రన్‌వే మీదుగా పోయింది. 2023లో వాహనాలకు సొరంగం తెరిచినా, నడిచేవాళ్లు ఇప్పటికీ పైనుంచే. విమానం వస్తోందని గేటు వేశారని, జనం మధ్య ఇరుక్కుని నిలబడ్డావని ఫోన్లో నువ్వే చెప్పావు. వ్యాసంలో అది లేదేం? స్పెయిన్ వైపు లా లీనియా నుంచి రోజూ వేలమంది పనికి వచ్చే దారి అది. నీ పక్కన నిలబడ్డవాళ్ల చేతుల్లో ఏముంది? టిఫిన్ డబ్బానా, యూనిఫాం సంచా?

అక్కడే ఇంకోటి వదిలేశావు. 1969లో స్పెయిన్ నియంత ఫ్రాంకో ఆ సరిహద్దు మూసేశాడు. 1982 డిసెంబరు దాకా నడిచేవాళ్లకైనా తెరవలేదు. అక్క ఇటు, చెల్లెలు అటు. కంచెకు చెరోవైపు నిలబడి, గాలికి ఎదురు అరుచుకుంటూ కబుర్లు చెప్పుకున్నారు, పుట్టిన బిడ్డను పైకెత్తి చూపించుకున్నారు. కలవాలంటే మొరాకో చుట్టి రావాలి. పాస్‌పోర్టు చూపించి రెండు నిమిషాల్లో నువ్వు దాటిన చోటు అదే.

"జిబ్రాల్టర్ ప్రజలు సంతోషజీవులు" అన్నది కొట్టేయ్. ఆరు గంటల్లో ఎలా తెలిసిందమ్మా? నా మొదటి వ్యాసంలోనూ ఇలాంటివి అరడజను ఉండేవి, ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. కొట్లో అమ్మాయి ఇంగ్లీషులో మొదలెట్టి స్పానిష్‌లో ముగించిందన్నావే, అది రాయి. ఆ కలగలుపు మాటను వాళ్లు "యానీతో" (Llanito) అంటారు. ఆమె అన్న వాక్యం గుర్తుంటే ఉన్నదున్నట్టు పెట్టు. గుర్తులేకపోతే కల్పించకు.

గేటు పడ్డ దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. నాలుగు పేజీలు చాలు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండేట్టు చూడు, కళ్లద్దాలు ఇంకా మార్పించుకోలేదు.

ఉంటాను.