క్యాంపర్ వ్యాన్‌కి ఫోర్ బై ఫోర్ ఉండాలా? ముందు ఒక మోకు కొనండి

వ్యాన్‌ని ఇల్లులా మార్చుకుని గండికోట, మారేడుమిల్లి, వీలైతే స్పితి, లేహ్ దాకా తిరగాలని ఉంది, ఫోర్ బై ఫోర్, అంటే ఇంజిన్ నాలుగు చక్రాలనీ తిప్పే ఏర్పాటు, లేకపోతే దారిలో ఆగిపోతామా అని అడిగారు. ఆగిపోరు. నేను ఆరేళ్ళుగా ఒక పాత టెంపో ట్రావెలర్‌లో మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు పెట్టించుకుని తిరుగుతున్నాను. వెనక చక్రాలు మాత్రమే తిప్పే బండి అది. ఇన్నేళ్ళలో గట్టిగా దిగబడింది ఒక్కసారే. ఆ ఒక్కసారి మమ్మల్ని లాగడానికి వచ్చిన ఫోర్ బై ఫోర్ కూడా దిగబడింది. అందుకే ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు ఆ ఉదయమే గుర్తొస్తుంది.

నవంబర్ నెల. బెలూం గుహలు చూసుకుని నేను, మా ఆవిడ గండికోట వైపు వస్తున్నాం. చీకటి పడేలోపు చేరిపోయేవాళ్ళమే. కానీ ఆ రోజు శనివారం. శనివారం రాత్రి గండికోటలో టెంట్ల పక్కన స్పీకర్లు మోగుతాయి. పెన్నా లోయని చూడటానికి అంతదూరం వచ్చి, తెల్లవార్లూ పాటలు పెట్టుకునేవాళ్ళు ఇంటి మేడ మీదే పెట్టుకోవచ్చు కదా అని నా బాధ. సరే, అది వేరే కథ. జమ్మలమడుగు ఇంకా కొంత దూరం ఉందనగా తారు రోడ్డు దిగి ఒక గరుసు బాట కనిపించింది. బాట పక్కన ఓ వేపచెట్టు, చెట్టు కింద చదునుగా బీడు, దాని అవతల అప్పుడే మొలకెత్తిన శనగ చేను. బీడు మీద నడిచి చూశాను. సిమెంట్ గచ్చులా ఉంది. బండి దించి చెట్టు కింద పెట్టాను.

మాది మదనపల్లె వైపు, ఎర్రనేల. ఎంత వాన పడ్డా గంటకల్లా నీళ్ళు ఇంకిపోతాయి. మా ఆవిడది ప్రొద్దుటూరు. ఆ నేల సంగతి తనకి తెలుసు. కానీ ఏమీ అనలేదు.

రాత్రి పదకొండుకి వాన మొదలైంది. రేకు మీద చినుకుల చప్పుడు, కిటికీలోంచి తడిమట్టి వాసన. ఈ సుఖం కోసమే కదా ఇంత డబ్బు తగలేసింది అనుకుంటూ హాయిగా పడుకున్నాను. పొద్దున లేచి స్టార్ట్ చేసి మొదటి గేరు వేస్తే బండి ముందుకి పోలేదు, పక్కకి జరిగింది. ఇంకాస్త తొక్కాను. వెనక భాగం కుర్చీలో కూర్చున్నట్టు కిందికి దిగింది. ఏమైందా అని కిందికి దిగితే నా కాలు పైకి వచ్చింది, చెప్పు రాలేదు. అప్పుడు మా ఆవిడ, "రాత్రే చెబుదామనుకున్నా, మీకు కోపం వస్తుందని ఊరుకున్నా" అంది.

నల్లరేగడి సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. ఎండితే పగుళ్ళిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. వాన పడ్డాక చక్రానికి అంటుకుంటే ఊడదు. టైరు గాడులన్నీ బంకతో నిండిపోయి టైరు గుండులా నున్నగా అవుతుంది. ఇంకాస్త తిప్పితే మట్టి మడ్‌గార్డు లోపల కూడా కూరుకుపోయి చక్రం తిరగడమే మానేస్తుంది. నాకు జరిగింది ఇదే.

బావమరిదికి ఫోన్ చేశాను. ప్రొద్దుటూరులో ఉంటాడు, అంతకుముందు ఏడాదే ఫోర్ బై ఫోర్ జీపు, థార్ కొన్నాడు. ఆ బండి కొన్నప్పటి నుంచి ఎవరైనా ఎక్కడైనా ఇరుక్కుంటారా అని ఎదురుచూస్తున్నట్టున్నాడు. "బావా, కదలొద్దు, నేనొస్తున్నా" అన్నాడు. గంటన్నరలో వచ్చాడు, నల్లకళ్ళద్దాలతో. బాట మీద ఆగి, అక్కడి నుంచే తాడు కడితే సరిపోయేది. అలా చేస్తే ఫోర్ బై ఫోర్ కొని ఏం లాభం? "లో గేర్‌లో వేస్తే ఏనుగునైనా లాగుద్ది బావా" అంటూ బీట్లోకి దించాడు. మా బండిని దాటి, మలుపుకోవడానికి ఇంకో ముప్పై అడుగులు లోపలికి పోయాడు. మలుపు సగంలో ఉండగా బండి ఆగింది. నాలుగు చక్రాలూ ఎంతో ఐకమత్యంగా తవ్వడం మొదలుపెట్టాయి. ఆయన కాలు తీసేసరికి బండి పొట్ట నేలని తాకింది. నా బండి దిగబడింది రెండు చక్రాలే, అదీ బాటకి దగ్గరలో. ఆయనది నాలుగు, బీడు నడుమ.

కళ్ళద్దాలు తీసేసి, పక్కనున్న తుమ్మకంప నరికి చక్రాల కిందికి వేయబోయాడు. అప్పుడే శనగ చేను చూసుకోవడానికి వచ్చిన పెద్దాయన ఒకరు మమ్మల్ని చూసి నిలబడ్డారు. తలకి తువ్వాలు, చేతిలో చెప్పులు. ఇద్దరినీ, రెండు బండ్లనీ కాసేపు చూసి, "యాడోళ్ళు నాయనా మీరు? మబ్బు పడితే మేము ఎద్దులబండిని కూడా బాట మీదే ఇడిసి నడిసొస్తాం" అన్నారు. మా బావమరిది చేతిలో కంప చూసి, "అది పారేయప్పా. ముల్లు దిగితే రెండు పనులైతాయి" అని వాళ్ళబ్బాయికి ఫోన్ చేశారు.

ట్రాక్టర్ వచ్చింది. బీట్లోకి దిగలేదు, గరుసు బాట మీదే నిలబడింది. చక్రాల చుట్టూ బంకని పారతో తీశాం, పాత గోనెసంచులు పరిచాం. పెద్దాయన బండి వెనక తట్టి చూసి "లోపల ఏం మోస్తాండారు?" అన్నారు. నీళ్ళు అన్నాను. ఎంత అంటే నూటయాభై లీటర్లు అన్నాను. ఆయన ఏమీ అనలేదు, నవ్వారు. ఆ నీళ్ళన్నీ బకెట్లతో మోసి దూరంగా పారబోశాం. రెండు మోకులు కలిపి కట్టి లాగితే మా వ్యాన్ మొదటి పట్టుకే వచ్చింది. థార్‌కి మూడు పట్లు పట్టింది. అప్పుడు గమనించాను, ఆ ట్రాక్టర్ కూడా వెనక చక్రాలతో నడిచేదే. గట్టి నేల మీద నిలబడింది, అంతే. డబ్బులిస్తే డీజిల్‌కి సరిపడా మాత్రం తీసుకున్నారు. మా ఆవిడ టీ పెట్టింది. వ్యాన్‌లో పొయ్యి ఉందని ఆయన వింతగా తొంగి చూసి, "ఇల్లు లేదా మీకు?" అని అడిగారు.

ఇక మీ బండి విషయం. మన దగ్గర ఇలాంటి పనికి ఎక్కువమంది చూసేవి ట్రావెలర్, వింగర్. ట్రావెలర్‌కి వెనక చక్రాలు, వింగర్‌కి ముందు చక్రాలు తిరుగుతాయి. సామానంతా వెనక పడుతుంది కాబట్టి వెనక చక్రాల బండికి పట్టు బాగానే ఉంటుంది. ముందు చక్రాల బండి తడి ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోయి ముందు చక్రాలు జారతాయి. నన్నడిగితే ఆ రెండిటి మధ్య తేడా ఆలోచించండి, నాలుగు చక్రాల గురించి కాదు.

ఫోర్ బై ఫోర్ అని రాసి ఉన్నంత మాత్రాన నాలుగు చక్రాలూ ఎప్పుడూ సమానంగా లాగవు. ఇరుసు మీద కుడి, ఎడమ చక్రాలకి బలం పంచే గేర్ల పెట్టె, అదే డిఫరెన్షియల్, మామూలుదైతే, పట్టు దొరకని చక్రమే గాల్లో తిరిగినట్టు తిరుగుతుంది, పక్క చక్రం ఊరికే చూస్తూ ఉంటుంది. ముందు ఒకటి, వెనక ఒకటి అలా తిరిగితే నాలుగు ఉండీ లాభం లేదు. దానికి ఆ రెండు చక్రాలనీ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ కావాలి. ఫోర్స్ వాళ్ళ గూర్ఖా జీపుకి ముందూ వెనకా రెండు చోట్లా ఉంటుంది. మంచి బండి, కాదనను. కానీ అందులో మంచం వేసుకుని నెల రోజులు ఉండమంటే మా ఆవిడ పుట్టింటికి పోతుంది.

లేహ్, స్పితి అంటే టెన్షన్ పడుతున్నారు కదా. హిమాచల్ ఆర్టీసీ వాళ్ళు ఢిల్లీ నుంచి లేహ్‌కి బస్సు నడుపుతారు. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దారి. బారాలాచా లా, తంగ్లాంగ్ లా అనే కనుమలు దాటి పోతుంది. తంగ్లాంగ్ లా ఎత్తు 5,300 మీటర్ల పైన. వెనక చక్రాలతో నడిచే మామూలు బస్సు అది. వేసవిలో మనాలి నుంచి స్పితిలోని కాజాకి కూడా బస్సు ఉంది, గ్రాంఫూ, బాతల్ మీదుగా. ఆ దారిని రోడ్డు అనడానికి మనసొప్పదు, రాళ్ళు పరిచిన వాగు అనాలి. అక్కడ కూడా నాకు పనికొచ్చింది టైము. మంచు కరిగి వచ్చే వాగులు మధ్యాహ్నానికి పొంగుతాయి, పొద్దున్నే దాటితే మోకాలి లోతు కూడా ఉండవు. పదకొండు దాకా పడుకుని లేచి, వాగు ముందు నిలబడి ఫోర్ బై ఫోర్ ఉంటే బాగుండేది అనుకునేవాళ్ళని చాలామందిని చూశాను.

మంచు సంగతి మాత్రం వేరు. చలికాలంలో మనాలిలో మంచు పడితే సోలంగ్ దాటి అటల్ టన్నెల్ వైపు ఫోర్ బై ఫోర్ బండ్లనో, చక్రాలకి గొలుసులు కట్టిన బండ్లనో మాత్రమే వదులుతారు. జనవరిలో వ్యాన్ వేసుకుని అక్కడికి పోయే ఆలోచన ఉంటే నా జవాబు పక్కన పెట్టేయండి. డెన్వర్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు కూడా ఫోర్ వీల్ డ్రైవ్ లేని వ్యాన్ కొనొద్దని పండక్కి ఫోన్ చేసినప్పుడల్లా చెబుతాడు. వాళ్ళ కొలరాడోలో కొండల మీదుగా పోయే ఐ-70 హైవేకి చలికాలం రూలు ఒకటి ఉందట, చదివాను. నాలుగు చక్రాలు తిరిగే బండైనా సరే, టైరు గాడి ఒక అంగుళంలో పదహారో వంతులు మూడు, అంటే ఐదు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ, లోతు ఉండాలని. అదే వాడికి చెప్పాను. చూశావా, మీ సర్కారు కూడా టైర్ల గురించే మాట్లాడుతోంది అని. ఫోన్ పెట్టేశాడు.

గుడిస కొండ ఎక్కాలంటే మారేడుమిల్లిలో వ్యాన్ ఆపేసి అక్కడి జీపు మాట్లాడుకోండి. ఆ కుర్రాళ్ళు రోజూ తిరిగే దారి, వాళ్ళకి నాలుగు డబ్బులు, మీకు బండి కింద దెబ్బలు తగలవు. మీకు అసలు పని మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగేటప్పుడు పడుతుంది. మూడు టన్నుల బరువుతో బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే వాసన వస్తుంది. లో గేర్ ఉన్న ఫోర్ బై ఫోర్ అక్కడ సుఖమే, ఒప్పుకుంటాను. కానీ రెండో గేరులో నెమ్మదిగా దిగితే ట్రావెలర్ కూడా దిగుతుంది, వెనక హారన్ కొట్టేవాళ్ళని కొట్టనివ్వండి.

ఫోర్ బై ఫోర్‌కి పెట్టే డబ్బుతో మంచి టైర్లు ఐదు, గాలి కొట్టే చిన్న పంపు, ఒక పార, నైలాన్ మోకు కొనండి. ఇసుకలో అయితే టైర్లో గాలి తగ్గిస్తే సగం కష్టం తీరుతుంది. పంపు లేకపోతే మళ్ళీ గాలి కొట్టుకునేదెలా? అది జనం మర్చిపోతారు.

చివరిగా, వ్యాన్ లోపల పని చేయించే షెడ్డువాణ్ణి నమ్మి వదిలేయకండి. మావాడు గోడలకి చెక్క అందంగా వేశాడు, నూటయాభై లీటర్ల ట్యాంకు మాత్రం వెనక ఇరుసుకి అవతల వేలాడదీశాడు. ఆ బరువుకి బండి వెనక వంగి, ప్రతి గుంతలో తోక నేలకి తగిలేది. తర్వాత ముందుకి మార్పించాను. వాడేసిన నీళ్ళు పట్టే ట్యాంకుని ఇంకా తెలివిగా పెట్టాడు. మీ బండి తయారయ్యాక డబ్బు మొత్తం ఇచ్చేముందు ఒక చాప పరుచుకుని బండి కింద పడుకుని, స్టెప్నీ ఎలా దిగుతుందో దింపి చూడండి. మాది దిగదు, దానికి సరిగ్గా అడ్డంగా ఆ ట్యాంకు ఉంది. ఆ సంగతి నాకు తెలిసింది అవుకు రిజర్వాయర్ దగ్గర, రాత్రి తొమ్మిదింటికి, పంక్చర్ పడ్డాక.