డాక్టర్ సలహా: ఎస్‌జీపీటీ నార్మలే... మరి ఆ నల్లటి విరేచనం?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటారు. రెండేళ్ల కిందట లివర్ సిరోసిస్ అన్నారు. అప్పట్నుంచి మద్యం ముట్టలేదు. మొన్న టెస్టుల్లో ఎస్‌జీఓటీ 46, ఎస్‌జీపీటీ 31, అల్బుమిన్ 2.6, ప్లేట్‌లెట్లు 72 వేలు వచ్చాయి. లివర్ బాగుపడిందని ల్యాబులో చెప్పారు. పొట్ట ఉబ్బింది, గ్యాస్ అనుకుంటున్నాం. పగలంతా నిద్ర, రాత్రి జాగారం. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపు మాత్రలు వేస్తున్నాం. పోయిన వారం రెండుసార్లు విరేచనం నల్లగా అయింది. చుట్టాలు పసరు మందు ఇప్పిస్తామంటున్నారు. దానికి పథ్యం ఎలా చేయాలి? చేపలు మానేయాలా? - ఒక పాఠకురాలు

జవాబు: పథ్యం సంగతి తర్వాతమ్మా. ముందు ఆ నల్లటి విరేచనం. ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగానే వస్తుంది, కాదనను. కానీ తారులా జిగటగా, ఘాటు వాసనతో వస్తే లోపల రక్తం కారుతోందని అనుమానించాలి. సిరోసిస్‌లో కాలేయంలోకి రక్తం సాఫీగా వెళ్లక, వెనక ఒత్తిడి పెరిగి అన్నవాహికలో సిరలు ఉబ్బుతాయి. అవి చిట్లితే గంటల్లో ప్రాణం మీదకు వస్తుంది. మళ్లీ నల్లగా అయినా, రక్తం కక్కుకున్నా, మనిషి తికమకగా మాట్లాడినా 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేకపోయినా ఇవాళే ఎండోస్కోపీ చేసే ఆస్పత్రికి తీసుకెళ్లండి. భీమవరంలో కుదరకపోతే ఏలూరో, రాజమండ్రో. వారం ఆగడమే ఎక్కువ.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కాలేయ కణాలు దెబ్బతింటుంటే రక్తంలోకి వచ్చే ఎంజైములు. కాలేయం ఎంత పని చేస్తోందో అవి చెప్పవు. మచ్చలు కట్టి గట్టిపడిన కాలేయంలోనూ అవి నార్మల్‌గా ఉండొచ్చు. మీరు చూడాల్సింది అల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్. దాన్ని తయారు చేసేది కాలేయమే. 3.5 పైన ఉండాల్సింది 2.6కి పడింది. ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉండాలి. ప్లీహం వాచినప్పుడు ఇలా తగ్గుతాయి. బిలిరుబిన్ (కామెర్లు తెలిపేది), పీటీ-ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పేది) మీరు రాయలేదు, అవీ చేయించండి.

పొట్టలో ఉన్నది గ్యాస్ కాక నీరు అయ్యుండొచ్చు, స్కానింగ్‌లో తెలుస్తుంది. నీరుంటే కొంచెం సూదితో తీసి పరీక్షించాలి. జ్వరం లేకుండానే అందులో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. పగటి నిద్ర, రాత్రి మెలకువ కూడా నాకు నచ్చలేదు. కాలేయం వడకట్టని విషాలు మెదడుకు చేరుతున్నప్పుడు మొదట కనిపించేది అదే. చేతులు ముందుకు చాపమనండి, మణికట్లు గబగబా కొట్టుకుంటున్నాయేమో చూడండి. నిద్ర పట్టడానికని మాత్ర మాత్రం వేయకండి.

ఇక నాకు కోపం తెప్పించేది ఆ మోకాళ్ల మాత్ర. పేరు రాయలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్... వీటిలో ఏదైనా అయితే ఈ క్షణమే ఆపండి. జీర్ణాశయంలో పుండ్లు, రక్తస్రావం, పైగా కిడ్నీలు దెబ్బతినడం. సిరోసిస్ ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. నొప్పికి తక్కువ మోతాదులో పారాసిటమాల్ వాడొచ్చు, అదీ డాక్టర్ చెప్పినంతే. "షాపాయన తెలిసినవాడే, మంచి మాత్రే ఇస్తాడు" అంటారు మనవాళ్లు. ఆయనకు మీ నాన్నగారి ప్లేట్‌లెట్లు ఎన్నో తెలుసా?

పసరు వద్దు. అందులో ఏం కలుపుతారో చెప్పేవాడుండడు. ఆకుపసరే కదా అనకండి. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. పైగా ఆ పథ్యం పేరుతో చప్పిడి మజ్జిగన్నమే పెడితే ఉన్న కండ కూడా కరిగిపోతుంది. గుడ్డు, పప్పు, చేప తినొచ్చు; రాత్రి పడుకోబోయే ముందు కాస్త ఏదైనా తినాలి. పొట్టలో నీరు ఉందని తేలితే ఉప్పు తగ్గించాలి. అంటే ఉప్పు చేప, ఎండు రొయ్యలు, ఆవకాయ బంద్. పులస కూరకు నా అభ్యంతరం లేదు.

కాళ్లకు పుండ్లు, గీరుళ్లు ఉంటే ఆయన్ని ఉప్పునీటి చెరువులో దిగనివ్వకండి. ఆ నీటిలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు సిరోసిస్ రోగుల రక్తంలోకి చేరితే చాలా ప్రమాదం.

నేను మనిషిని చూడలేదు. మీరు రాసింది చదివి చెబుతున్నాను. మందులు, మోతాదులు అక్కడ చూసే డాక్టరే నిర్ణయించాలి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతో పాటు ఆ మోకాళ్ల మాత్రల స్ట్రిప్పు కూడా పట్టుకెళ్లండి.