ప్రీ-అప్రూవ్డ్ మెసేజ్ చూసి షోరూముకి బయల్దేరకు

చిరంజీవి అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫొటో చూశాను. 12 లక్షల కార్ లోన్ ప్రీ-అప్రూవ్ అయిందని బ్యాంకు యాప్‌లో వచ్చిందనీ, శనివారం కూకట్‌పల్లి వెళ్లి బండి బుక్ చేసేస్తాననీ రాశావు. చాలా సంతోషమమ్మా. మన ఇంట్లో సొంత జీతంతో కారు కొంటున్న మొదటి ఆడపిల్లవి నువ్వే. అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా కూర్చుని రాస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకులో చేశాను, అందులో సగానికి పైగా లోన్ల సీట్లోనే.

నీ జీతం ఆ బ్యాంకులోనే పడుతుంది. నెలకి ఎంత వస్తోంది, ఎంత మిగులుతోంది, సిబిల్ స్కోరు (అప్పులు ఎంత సరిగ్గా కడుతున్నావో చెప్పే మార్కు) ఎలా ఉంది అన్నవి చూసుకుని, ఈ అమ్మాయికి ఇంతదాకా ఇవ్వచ్చు అని వాళ్లు ఒక గీత గీసుకున్నారు. ఆ మెసేజ్‌కి అర్థం అంతవరకే. అది శాంక్షన్ కాదు, అంటే లోన్ మంజూరైనట్టు కాదు. నువ్వు అప్లై చేశాక స్కోరు మళ్లీ తీస్తారు, ఉద్యోగం కాగితాలు అడుగుతారు, ఏ బండి కొంటున్నావో దాని కొటేషన్ చూస్తారు. అవన్నీ కుదిరితేనే శాంక్షన్. ఆ పైన డబ్బు సాధారణంగా నీ చేతికి రాదు, నేరుగా డీలర్ ఖాతాకి పోతుంది. ఆఫర్‌కి గడువు తేదీ కూడా ఉంటుంది, యాప్‌లో కిందకి జరిపి చూడు. ఇలాంటి మెసేజ్ లింకుతో సహా వేరే నంబర్ నుంచి వస్తే మాత్రం ముట్టుకోకు.

2017లో ఒక కుర్ర లెక్చరర్ మా బ్రాంచికి వచ్చాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన రసీదు తీసి నా టేబుల్ మీద పరిచాడు. షోరూములో యాభై వేలు కట్టి బుక్ చేసిన రసీదు. మడతల దగ్గర అప్పటికే చినుగుతోంది, ఎన్నిసార్లు తీసి చూసుకున్నాడో. రెండు నెలల కిందట అతనికీ నీలాగే మెసేజ్ వచ్చింది. తీరా అప్లై చేశాక రిపోర్టు తీస్తే, స్నేహితుడి పర్సనల్ లోన్‌కి ఇతను పెట్టిన ష్యూరిటీ సంతకం బయటపడింది. ఆ స్నేహితుడు కట్టడం మానేశాడు. బాకీ ఇతని రిపోర్టులోకీ వచ్చి చేరింది. లోన్ రాలేదు. బుకింగ్ రద్దు చేసుకుంటే కొంత కోత పడుతుందని రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. "మెసేజ్ వచ్చింది కద సార్" అని అతను రెండు మూడు సార్లు అన్నాడు. నాకు ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది.

కాబట్టి శనివారం లోపు నీ క్రెడిట్ రిపోర్టు, అంటే నీ పేరు మీదున్న అప్పులూ ష్యూరిటీలూ వాటి చెల్లింపులూ ఉండే రిపోర్టు, తీసి చదువు. స్కోరు ఒక్కటి చూసి వదిలేయకు, రిపోర్టు మొత్తం చదువు. మన దేశంలో సిబిల్‌తో కలిపి ఈ రిపోర్టులిచ్చే సంస్థలు నాలుగున్నాయి. ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఒక్కొక్కటీ ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. నీ రిపోర్టు నువ్వు చూసుకుంటే స్కోరు తగ్గదు. రేటు తెలుసుకుందామని ఒకే వారంలో అయిదు చోట్ల అప్లై చేస్తే మాత్రం తగ్గుతుంది. షోరూములో కూడా "ఊరికే ఎలిజిబిలిటీ చూస్తాం మేడమ్" అని పాన్, ఆధార్ అడిగి నాలుగైదు బ్యాంకులకి పంపించేస్తారు. లోన్ ఎక్కడో తేలేదాకా ఇవ్వకు.

ఇక ఆ 12 లక్షల సంగతి. అది నీ దగ్గర వసూలవుతుందని బ్యాంకు నమ్మిన మొత్తం. నీ ఇంటి అద్దె, అమ్మ మందులు, వచ్చే ఏడాది తమ్ముడి ఫీజు ఆ లెక్కలోకి రావు. అవి వేసుకోవాల్సింది నువ్వే. నా మాట వింటే 8 లక్షల దగ్గర ఆగు. తొమ్మిది శాతం వడ్డీకి అయిదేళ్లయితే ఈఎంఐ సుమారు 16,600, మొత్తం వడ్డీ లక్షా 96 వేలు. అదే ఏడేళ్లు పెట్టుకుంటే ఈఎంఐ 12,900కి దిగుతుంది, వడ్డీ 2 లక్షల 81 వేలకి ఎక్కుతుంది. ఏడో ఏడు వచ్చేసరికి బండికి రిపేర్లు మొదలవుతాయి, ఈఎంఐ ఇంకా పోతూనే ఉంటుంది. పెట్రోలు, సర్వీసింగ్, ఏటా ఇన్సూరెన్స్ దీనికి అదనం. మూడు నెలలు ఆ 16,600ని జీతం రాగానే వేరే ఖాతాలోకి తోసి చూడమని నేను చాలామందికి చెప్పేవాణ్ణి. నీకంత టైమ్ లేకపోతే ఒక్క నెలన్నా చేసి చూడు.

షోరూములో ఫైనాన్స్ టేబుల్ దగ్గర "మా దగ్గర కూడా తొమ్మిదే మేడమ్" అంటే, ఫ్లాటా, రెడ్యూసింగా అని అడుగు. రెడ్యూసింగ్ అంటే మిగిలిన అసలు మీదే వడ్డీ. ఫ్లాట్ అంటే నువ్వు తీర్చేసిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ వేస్తారు. ఫ్లాట్‌లో అదే 8 లక్షలకి, అదే అయిదేళ్లకి ఈఎంఐ 19,333 అవుతుంది. రెడ్యూసింగ్ లెక్కలో చూస్తే అది పదహారు శాతానికి దగ్గర. ఇది తెలియక మోసపోయినవాళ్లలో ఇంజనీర్లూ ఉన్నారు, ఆడిటర్లూ ఉన్నారు.

నీ బ్యాంకు నుంచి రాతపూర్వకంగా శాంక్షన్ చేతిలో ఉంటే నీకు ఒక బలం వస్తుంది. బండి ధర గురించి మాత్రమే మాట్లాడగలుగుతావు. "నెలకి ఎంత కట్టగలరు?" అని అడిగితే జవాబు చెప్పకు. ఆన్‌రోడ్ ధర (పన్నులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిసిన ధర) ఎంత, డిస్కౌంట్ ఎంత అని అడుగు. వాళ్ల ఫైనాన్స్ తీసుకుంటేనే డిస్కౌంట్ అంటే, రెండు లెక్కలూ కాగితం మీద రాయించుకుని రా. ఒక్కోసారి వాళ్లదే లాభంగా ఉంటుంది, కాదనను. కానీ ఆ లెక్క ఇంటి దగ్గర వేసుకుందాం.

ఎక్స్-షోరూమ్ ధర, అంటే అవేవీ కలపని బండి ధర, చూసి మురిసిపోకు. లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలిశాక లోన్ చాలక చేతి నుంచి ఎంత పెట్టాలో అప్పుడు తెలుస్తుంది. ఇన్సూరెన్స్ అక్కడే తీసుకోవాలన్న రూలేమీ లేదు, బయట కొటేషన్ తెచ్చుకుని పోల్చు. బండి పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (డీలర్ నీ పేరున ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) తీసుకుంటారు, అది రిటర్న్ వేసేటప్పుడు నీ టాక్సులోంచి తగ్గించుకోవచ్చు. ఆ రసీదు దాచు.

బ్యాంకులో సంతకం పెట్టేముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే లోన్ ఖర్చులూ షరతులూ ఒకచోట రాసిన కాగితం, అడుగు. 2024 అక్టోబరు 1 నుంచి అది ఇచ్చి తీరాలి. అందులో ఏపీఆర్ అని ఒక శాతం ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు లాంటివి కూడా కలిపి వేసిన అసలు రేటు అది, రెండు బ్యాంకుల్ని పోల్చేటప్పుడు ఆ అంకెనే పోల్చు. అలాగే ముందుగా తీర్చేస్తే ఛార్జీ ఎంతో చూడు. కార్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటు మీద ఇస్తారు కాబట్టి చాలా చోట్ల ఆ ఛార్జీ ఉంటుంది. నీకు బోనస్ వచ్చే ఉద్యోగం, రేపు తొందరగా తీర్చాలనిపిస్తుంది.

శనివారం వెళ్లు, బండి నడిపి చూడు, రంగు ఎంచుకో. అడ్వాన్స్ మాత్రం కట్టకు. కొటేషన్, ఆ స్టేట్‌మెంట్ రెండూ ఫొటో తీసి నాకు పంపు, కళ్లజోడు పెట్టుకుని చదివి ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తాను. డెలివరీ రోజు ముందుగా చెప్తే అత్తయ్యా నేనూ రాజమండ్రి నుంచి రాత్రి రైలుకి వచ్చేస్తాం.

మీ మావయ్య