సెన్సార్ కోసం యాప్ అప్పా? ముందు బండిని నిలపండి

ప్రశ్న: మాది అనంతపురం. వయసు 39. ప్రైవేటు ఉద్యోగం, జీతం 38,000. మా ఆవిడ బట్టలు కుడుతుంది, నెలకు ఐదారు వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 30,000. 2012 నాటి పెట్రోల్ కారు ఉంది. నాన్నగారిని నెలనెలా కర్నూలు ఆసుపత్రికి అందులోనే తీసుకెళ్తాను. రెండు నెలలుగా చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోంది. ఎండలో గుత్తి చేరేసరికి బండి ఆగిపోతోంది, అరగంటకు మళ్లీ స్టార్ట్ అవుతోంది. మెకానిక్ చెప్పాడని ఆక్సిజన్ సెన్సార్, ఆ తర్వాత మ్యాప్ సెన్సార్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని చూసేది) మార్పించాను. అందుకు ఒక యాప్‌లో 18,000 లోన్ తీసుకున్నాను. చేతికి 16,200 వచ్చింది. నెలకు 3,700 చొప్పున ఆరు వాయిదాలు, రెండు కట్టాను. బండి మాత్రం బాగుపడలేదు. ఇప్పుడు ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ మార్చాలి, 28,000 అవుతుందంటున్నారు. ఇంకో లోన్ తీసుకోనా, లేక మూడు లక్షల అప్పుతో వేరే సెకండ్ హ్యాండ్ కారు కొననా? మ్యూచువల్ ఫండ్‌లో సిప్ నెలకు 4,000 కడుతున్నాను, ఆ ఫండ్‌లో 62,000 ఉంది. లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000 కడుతున్నాను. ఇంకా పాడలేదు, ఎనిమిది నెలల్లో అయిపోతుంది. సేవింగ్స్ ఖాతాలో ఉన్నది 3,000.

జవాబు: రెండూ వద్దు. కొత్త లోన్ ఊసే ఎత్తకండి.

మీ ఉత్తరానికి ఇక్కడ జవాబు రాయడానికి కారణం ఉంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే తప్పు చేస్తున్నారు. బండి అయినా, బోరు మోటారు అయినా అదే కథ. ఖాతాలో డబ్బు ఉండదు, ఫోన్‌లో లోన్ సిద్ధంగా ఉంటుంది. రోగమేమిటో తేలకముందే సామాను కొనేస్తారు.

ముందు మీ లోన్ లెక్క. చేతికొచ్చింది 16,200, కట్టాల్సింది 22,200. నూటికి నెలకు దాదాపు పది రూపాయల వడ్డీ. మన ఊళ్లో ఎవరైనా నూటికి మూడు రూపాయలు అడిగితే ఇదేం అన్యాయమని లేచి వచ్చేస్తాం. ఫోన్‌లో మాత్రం పది రూపాయలకు వేలు నొక్కేస్తున్నాం! ఏడాదికి మొత్తం ఎంత శాతం పడుతుందో లోన్‌కు ముందే కాగితం మీద చూపించాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ కాగితం మీ మెయిల్‌లో వెతికి ఇవాళే చదవండి.

ఇక బండి సంగతి. నేను మెకానిక్‌ని కాను, కానీ పదమూడేళ్ల పాత బండి నేనూ నడిపాను. వేడెక్కితే ఆగడం, చల్లారితే స్టార్ట్ కావడం అనగానే చాలామంది ఎలక్ట్రీషియన్లు మొదట చూసేది క్రాంక్ సెన్సార్. ఇంజిన్ తిరుగుతోందన్న కబురు ఈసీఎంకు చేరేది దాని ద్వారానే. ఆ కబురు ఆగితే పెట్రోలూ ఆగుతుంది, స్పార్కూ ఆగుతుంది. ఆక్సిజన్ సెన్సార్ పాడైతే మామూలుగా మైలేజీ పడిపోతుంది, పొగ పెరుగుతుంది. నడిరోడ్డు మీద ఇలా ఆగి అరగంటకు మళ్లీ బయల్దేరడం దాని లక్షణం కాదు. అయినా మీ బండికి ఫలానాదే అని నేను ఇక్కడ కూర్చుని తేల్చను. స్కానర్‌తో, మల్టీమీటర్‌తో తేలాల్సిన పని అది.

స్కానర్ చూపించే కోడ్‌లను కూడా సరిగా అర్థం చేసుకోవాలి. పి0335 అని వస్తే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో తేడా ఉందని. వైరు తెగినా, ఎలుక కొరికినా, సెన్సారే పోయినా అదే కోడ్ వస్తుంది. పి0171 అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని. ఒక వాక్యూమ్ పైపు చీలితే చాలు, అది వచ్చేస్తుంది. అది చూసి ఆక్సిజన్ సెన్సార్ మార్చేవాళ్లున్నారు. మీకూ అలాగే జరిగిందేమోనని నా అనుమానం.

నా బండి ఓసారి గార్లదిన్నె దాటాక ఇలాగే ఆగింది. మొదట వెళ్లిన షెడ్డులో సెన్సార్ మార్చాలి, 4,800 అన్నారు. బండి ఇంటి దగ్గర పెట్టి వారం రోజులు బస్సులో తిరిగాను. తర్వాత ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఇంజిన్ ఆన్‌లో ఉంచి వైర్లు కలిసేచోట ఉండే ఒక్కో కప్లర్‌నూ వేళ్లతో కదుపుతూ పోయాడు. ఒకచోట అలా కదిపాడో లేదో ఇంజిన్ ఠక్కున ఆగింది. కప్లర్ విప్పితే పిన్ను మీద పచ్చగా చిలుము. గీకి, కొత్త పిన్ను వేసి 350 తీసుకున్నాడు.

వారం రోజులు నేను ఆగగలిగానంటే విడిగా పెట్టుకున్న డబ్బు ఉంది కాబట్టే. ఖరీదైన రిపేరే అని తేలినా కట్టగలనన్న ధైర్యం ఉంది, అందుకే ఇంకొకరికి చూపించే ఓపిక వచ్చింది. మీకు ఆ ఓపిక లేకుండా చేసింది ఆ 3,000 బ్యాలెన్స్. అత్యవసర నిధి జబ్బులకో, ఉద్యోగం పోతేనో అనుకుంటారు జనం. షెడ్డులో నిలబడి "రేపు చెప్తా" అనగలగడానికి కూడా అదే కావాలి.

కాబట్టి ఇలా చేయండి. ఫండ్ నుంచి 25,000 తీయండి. ముందే తీసినందుకు కాస్త కోత (ఎగ్జిట్ లోడ్) పడితే పడనివ్వండి. మిగిలిన నాలుగు వాయిదాలు 14,800. ముందే కట్టేస్తే ఎంతో యాప్‌లో కనుక్కుని పూర్తిగా మూసేయండి, మూసినట్టు కాగితం తీసుకోండి. మిగిలే పదివేలు బండికి. సిప్ ఏడాది పాటు ఆపండి. నెలకు పది రూపాయల వడ్డీ కడుతూ సిప్ నడపడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

ఆగిన వాయిదా, ఆగిన సిప్ కలిపితే నెలకు 7,700. అందులో 1,500 బండి పేరుతో పక్కన పెట్టండి. టైర్లు, ఇన్సూరెన్స్, 2027లో పదిహేనేళ్లు నిండగానే వచ్చే ఆర్సీ రెన్యువల్, ఇవేవీ అత్యవసరాలు కావు. తేదీ తెలిసి వచ్చే ఖర్చులు. మిగతా 6,200 అత్యవసర నిధికి. ఎనిమిది నెలల తర్వాత చీటీ 5,000 కూడా అందులోకే, చీటీ డబ్బు చేతికొస్తే అదీ అందులోకే. మీ ఇంటి ఖర్చుకు ఆరు నెలలంటే 1,80,000. ఏడాదిలో అక్కడికి చేరతారు. ఏటీఎం కార్డు, యూపీఐ లేని వేరే ఖాతాలో పెట్టండి. పోస్టాఫీసు ఆర్డీ దీనికి పనికిరాదు, మూడేళ్లదాకా మూయలేరు. చీటీనే నిధి అనుకోవద్దు, మీకు అవసరమైన నెలలో పాట ఇంకొకరికి పోవచ్చు.

బంగారం మీద లోన్ యాప్ కంటే నయమే, కానీ ఇప్పుడు అవసరం లేదు. మూడు లక్షల కారూ పాతదే, దానికీ సెన్సార్లుంటాయి. మీ ఉత్తరంలో హెల్త్ పాలసీ మాట లేదు. మీ ఇద్దరికీ తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడా లేదు.

బండిని ఈ వారమే ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. కోడ్ కాగితం మీద రాయించుకోండి. వేడెక్కి ఆగినప్పుడు సెల్ఫ్ కొడుతుంటే స్కానర్‌లో ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) సున్నా చూపిస్తోందా, అంటే ఇంజిన్ తిరుగుతోందన్న కబురు ఈసీఎంకు అందడం లేదా అని అడగండి. ఈసీఎంకు కరెంటు, ఎర్త్ సరిగా అందుతున్నాయని చూశాకే దాన్ని అనుమానించాలి. అది తేలేదాకా నాన్నగారిని ఆ బండిలో హైవే ఎక్కించకండి. ఈసారి కర్నూలుకు ఆర్టీసీ బస్సులోనో, కిరాయి కారులోనో వెళ్లండి.